రెల్లు మళ్ళీ పూసేదాకా

పాల్‌సిట్‌లో రైలు దిగండి. హౌరా నుంచి బర్ధమాన్ వెళ్ళే దారిలో చిన్న స్టేషన్ ఇది. ఇవాళ 1952 అక్టోబరు 27. జగద్ధాత్రి పూజ కనక కలకత్తాలో ఆఫీసులకి సెలవు. మీతోపాటు దిగిన గుంపు దగ్గర అద్దెకి తెచ్చిన కెమెరా ఉంది, స్టాండు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. పట్టాల పక్కన కాస్త దూరం నడిచేసరికి నేల కనిపించదు. కనుచూపు మేరా రెల్లు. మన గోదావరి లంకల్లో దసరా నాటికి విరగబూసే రెల్లే, ఇక్కడి వాళ్ళు కాశ్ అంటారు. గాలి ఒక్కసారి వీస్తే తెల్లటి పూలన్నీ ఒకవైపుకి వాలి, మళ్ళీ లేస్తాయి. పిల్లలు అందులోకి దిగారంటే తలలు కూడా కనపడవు.

గుంపులో అందరికంటే ఎత్తుగా, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఒకాయన ఉన్నాడే, ఆయన్ని చూడండి. వయసు 31. డీ.జే. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో బొమ్మలు, డిజైన్లు చూసే ఉద్యోగం. సెలవు అయిపోగానే మళ్ళీ ఆఫీసుకి పోవాలి. పేరు సత్యజిత్ రాయ్. తోటివాళ్ళు మాణిక్‌దా అంటున్నారు. ఇంతవరకూ ఒక్క సినిమాకీ దర్శకత్వం వహించలేదు. కెమెరా వెనక నిలబడ్డ సుబ్రత మిత్రకి మొన్ననే 22 నిండాయి. ఫోటోలు తీశాడు గానీ సినిమా కెమెరా తిప్పలేదు. తెరమీద అపూగా కనిపించబోయే సుబీర్ బెనర్జీ అసలు నటుడే కాదు. పక్కింటి డాబా మీద ఆడుకుంటుంటే రాయ్ భార్య బిజయ చూసి, ఈ పిల్లాడైతే ఎలా ఉంటాడంది. అంతే.

మొదటి షాటు ఏమిటంటే, అక్క దుర్గ ఎటో వెళ్ళిపోయింది, అపూ రెల్లులో ఆమెని వెతుక్కుంటూ వస్తాడు. చెప్పడానికి ఇంతే. సుబీర్ నడిచాడు. ఎలా నడిచాడు? కెమెరా ముందు నడవమంటే ఏ పిల్లాడైనా ఎలా నడుస్తాడో అలాగే, చేతులు బిగించుకుని, తిన్నగా. వెతుకుతున్న పిల్లాడు అలా నడవడు. రెండడుగులు వేసి ఆగుతాడు, అటు చూస్తాడు, ఇంకో అడుగు వేస్తాడు, వెనక్కి తిరుగుతాడు. ఆ సంగతి రాయ్‌కి తెలుసు, పిల్లాడికి చెప్పి చేయించడం ఎలాగో తెలియదు. కాసేపు ఆలోచించి, తన మనుషుల్ని రెల్లులో మూడు చోట్ల దాక్కోమన్నాడు. పిల్లాడు నడుస్తుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పేరు పెట్టి పిలవాలి. నడిచే దారిలో అక్కడక్కడా ఎండుపుల్లలు పడేయించాడు. సుబీర్ మళ్ళీ బయల్దేరాడు. కుడివైపు నుంచి పిలుపు వచ్చింది, తల తిప్పాడు. పుల్ల అడ్డొచ్చింది, ఆగి దాటాడు. ఎడమ నుంచి ఇంకో పిలుపు. కెమెరా తిరుగుతోంది. అక్క కోసం వెతికే అపూ వచ్చేశాడు.

పిల్లాడికి భావం వివరించి, ముఖంలో దాన్ని తెప్పించాలని ఆయన పట్టుబట్టలేదు. భావం దానంతట అదే పుట్టే పరిస్థితి కల్పించి, కెమెరా పెట్టుకుని ఎదురుచూశాడు. తర్వాతి నలభై ఏళ్ళూ ఆయన చేసిన పని ఇదేనని నా నమ్మకం. ఆ రోజు మొదలైన సినిమా పథేర్ పాంచాలి. కష్టాలు పడి గెలిచిన కథలా దాని నిర్మాణాన్ని చాలామంది చెప్తారు. అందులో నాకు అంతకంటే పెద్ద విషయం కనిపిస్తుంది. డబ్బు లేక పదే పదే ఆగిపోయిన ఆ రెండున్నరేళ్ళలోనే ఈ మనిషి సినిమా నేర్చుకున్నాడు. ఎదురుచూడటం కూడా దర్శకుడి పనుల్లో ఒకటని నేర్చుకున్నాడు.

మొదటి పాఠం వారం తిరక్కుండానే వచ్చింది. మిగతా షాట్లు తీద్దామని ఆదివారం మళ్ళీ పాల్‌సిట్‌లో దిగారు. దిగి చూస్తే చేను ఖాళీ. పూలన్నీ ఆవులు మేసేశాయి. నేల మీద మోడులు మిగిలాయి. సగం తీసిన సన్నివేశాన్ని ఇంకో చోట, ఇంకో గడ్డిలో పూర్తి చేస్తే ఎవరికి తెలుస్తుంది? రాయ్ మాత్రం వచ్చే ఏడు రెల్లు మళ్ళీ పూసేదాకా ఆగాడు. పూసింది. అప్పుడు రైలు షాట్లు తీశారు. తెల్లటి పూల మీదుగా నల్లటి పొగ పోవాలి. పొగ నల్లగా రావాలంటే సరిగ్గా ఆ నిమిషంలో బొగ్గు పడాలి. అందుకని నిర్మాణ వ్యవహారాలు చూసే అనిల్ చౌధురి ముందు స్టేషన్‌లో ఇంజనెక్కి డ్రైవరు పక్కన నిలబడి, కెమెరా ఉన్న చోటు దగ్గరపడగానే బొగ్గు వేయించేవాడు. ఆ షాటు ఎప్పుడు చూసినా తెరమీద కనిపించని అనిల్‌బాబు నాకు గుర్తొస్తాడు.

ఈ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో రెండు ముక్కల్లో. కలకత్తా గర్‌పార్ రోడ్డులో 100 నంబరు ఇల్లు. ఇల్లూ అదే, అచ్చాఫీసూ అదే. తాత ఉపేంద్రకిశోర్ హాఫ్‌టోన్ బ్లాకుల తయారీలో మన దేశంలోనే ఆద్యుల్లో ఒకడు. 1913లో పిల్లల కోసం సందేశ్ పత్రిక పెట్టాడు. తండ్రి సుకుమార్ రాయ్ పద్యాలు నోటికి రాని బెంగాలీ పిల్లలు ఇవాళ్టికీ ఉండరు. ఆ తండ్రి 1923లో కాలా అజార్ జ్వరంతో పోయేనాటికి సత్యజిత్‌కి రెండున్నరేళ్ళు కూడా లేవు. అచ్చాఫీసు చేజారింది. తల్లి సుప్రభ పిల్లాడితో పుట్టింటివాళ్ళ పంచన చేరి, విధవల ఆశ్రమంలో కుట్టుపని నేర్పి కొడుకుని చదివించింది. ప్రెసిడెన్సీ కాలేజీ, తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర బొమ్మలు, 1943లో నెలకి 80 రూపాయల జీతం మీద కీమర్. సిగ్నెట్ ప్రెస్ కోసం బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల పథేర్ పాంచాలి పిల్లల ప్రతికి బొమ్మలు వేస్తుండగా ఆ కథ మనసులో పడింది. 1949లో ద రివర్ సినిమా పని మీద ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ కలకత్తా వస్తే, చుట్టుపక్కల పల్లెలు చూపించింది రాయే. 1950లో కంపెనీ లండన్ పంపింది. వెళ్ళిన మూడో రోజుకల్లా బైసికిల్ థీవ్స్ చూశాడు. ఉన్న కొద్ది నెలల్లో వందకి అటూ ఇటూగా సినిమాలు చూసి, తిరుగు ఓడలో కూర్చుని పథేర్ పాంచాలికి నోట్సు రాయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు బోరాల్ పదండి. కలకత్తాకి దక్షిణాన, గరియా దాటాక పల్లె. అపూ తండ్రి హరిహర్ ఇల్లుగా మీరు తెరమీద చూసే ఇల్లు ఇక్కడుంది. ఇల్లు అనడానికి లేదు, శిథిలం. మంచాన పడి ఉన్న యజమానికి నెలకి 50 రూపాయలు అద్దె. కాశ్మీరు నుంచి వచ్చిన కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త దాన్ని కాపురానికి పనికొచ్చేలా, అదే సమయంలో కూలిపోతున్నట్టు కనిపించేలా తయారు చేశాడు. ఆ రెండూ కలిసి కుదరడం ఎంత కష్టమో ఒక పాత ఇంట్లో కాపురం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ముంగిట్లో షాటు నడుస్తోంది. శబ్దం తీసుకునే భూపేన్ ఘోష్ లోపలి గదిలో యంత్రం ముందున్నాడు. షాటు అయ్యాక బాగా వచ్చిందా అని రాయ్ బయటి నుంచి అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. ఊహూఁ. లోపలికి వెళ్ళి చూస్తే ఆయన కొయ్యబారి కూర్చున్నాడు. కిటికీ లోంచి దిగిన పెద్ద తాచుపాము నేల మీద పాకుతోంది. కొట్టబోతే ఊరివాళ్ళు ఆపారు. అది ఇంటిని కాచే పాము, ఎన్నాళ్ళుగానో ఇక్కడే ఉంటోంది, ముట్టుకోవద్దన్నారు. ఆ పాముతోనే రోజులు గడిపారు.

అరుగు మీద కూర్చున్న ముసలావిడ దగ్గరకి రండి. చునీబాలా దేవి. ఎనభైకి దగ్గర పడింది. పళ్ళు లేవు, బుగ్గలు లోపలికి పోయాయి, నడుము వంగిపోయింది. ఒకప్పుడు నాటకాల్లో వేసింది, జనం ఏనాడో మర్చిపోయారు. అపూ ఇంట్లో ఉండే ముసలి బంధువు ఇందిర్ ఠాక్రున్ వేషానికి అచ్చం అలాంటి మనిషి కావాలి, ఆ వయసు మనిషి డైలాగులు గుర్తుపెట్టుకోగలదా అన్నది భయం. రాయ్ వెళ్ళి, ఏదైనా జోలపాట వచ్చా అని అడిగాడు. ఆవిడ ఎత్తుకుని, ఆయనకి తెలిసిన చరణాలన్నీ దాటి ఇంకా ఇంకా పాడింది. పొద్దున్నే లేచి టాక్సీలో అంతదూరం వచ్చి, పనిచేసి, సాయంత్రం తిరిగి వెళ్ళగలరా? వెళ్ళగలనంది. రోజుకి 20 రూపాయలు. నల్లమందు పడందే ఆవిడకి రోజు గడవదు, దానికీ ఏర్పాటు జరిగింది.

నెలల తరబడి ఆగి ఆగి తీసే సినిమాలో ముందటి షాటుకీ తర్వాతి షాటుకీ పొత్తు కుదరడమే పెద్ద తలనొప్పి. అందరూ మర్చిపోయింది ఆవిడకి గుర్తుండేది. ఆ షాటులో నా కుడిచెయ్యి తడిగా ఉంది కదా అనేది. మూట ఈ చేతిలో కాదు, ఆ చేతిలో ఉండాలనేది. చిరిగినచోటల్లా ముడివేసిన తెల్లచీర కట్టుకుని, తువ్వాలు భుజానేసుకుని, పీటమీద ముడుచుకుని అన్నం తినే ఆ ముసలమ్మ వేళ్ళ వంక ఒకసారి చూడండి. మెతుకుని చివరిదాకా వెతికే వేళ్ళు అవి. పేదరికం గురించి ఎవరు ఎన్ని మాటలు రాసినా నాకు ముందు ఆ వేళ్ళే గుర్తొస్తాయి.

ఇవాళ ఇందిర్ ఠాక్రున్ పాడె తీస్తున్నారు. తెల్లారగట్ల వెలుతురు. ఆవిణ్ణి పడుకోబెట్టి తాళ్ళతో కట్టారు. మోశారు, షాటు అయింది, దించారు. తాళ్ళు విప్పారు. ఆవిడ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ మాట పెగల్లేదు. అంతలో ఆవిడ కళ్ళు తెరిచి, అయిపోయిందా, మరి ఎవరూ చెప్పరేం, నేనింకా శవంలా పడుకునే ఉన్నానంది.

ఈ సినిమా ఎప్పుడు ఆగితే అప్పుడు ఏదో ఒకటి పోయింది. అపూ తల్లి సర్బజయ గిన్నెలో అన్నం విదిలిస్తే వీధికుక్క వచ్చి తినాలి. సగం తీసేసరికి పొద్దూ వాలింది, డబ్బూ అయిపోయింది. ఆరునెలలకి తిరిగి వస్తే కుక్క చచ్చిపోయిందని తెలిసింది. అచ్చం దానిలాంటి ఇంకో కుక్కని ఊళ్ళో వెతికి పట్టుకున్నారు. కావిడి భుజాన వేసుకుని వెళ్ళే మిఠాయి వాడు కూడా అంతే. అతను చనిపోయాడు. ముఖం వేరైనా ఒళ్ళు అంతే ఉన్న ఇంకొకర్ని తెచ్చి వీపు మాత్రం చూపించారు. మిఠాయివాడి వెనక అపూ దుర్గలు పరిగెడుతుంటే వాళ్ళ వెనక కుక్క రావాలి. కుక్క రాదు. యజమాని ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి దుర్గ వేసిన ఉమా దాస్‌గుప్తా చెయ్యి వెనక్కి పెట్టి, ఆ చేతిలో సందేశ్ మిఠాయి పట్టుకుంది. కుక్క వచ్చింది. కావిడి, మిఠాయివాడు, ఇద్దరు పిల్లలు, కుక్క, ఆ మొత్తం వరుస తలకిందులుగా చెరువు నీళ్ళలో పోతుంది.

వాన సన్నివేశం సంగతి ఇంకా కష్టం. వానాకాలమంతా డబ్బు లేదు. డబ్బు చేతికొచ్చేసరికి అక్టోబరు, ఆకాశం నిర్మలంగా ఉంది. రోజూ పిల్లల్ని, కెమెరానీ తీసుకుని ఊళ్ళోకి రావడం, తల పైకెత్తి కూర్చోవడం. ఒక మధ్యాహ్నం ఒక మూలనుంచి మబ్బు లేచింది. చూస్తుండగానే కమ్ముకొచ్చి కుండపోతగా కురిసింది. దుర్గ జుట్టు విరబోసుకుని వానలో గిరగిరా తిరిగింది. చెట్టుకింద తమ్ముణ్ణి కొంగుచాటున దగ్గరకి లాక్కుంది. అపూ వణుకు నటన కాదు, పిల్లాడు నిజంగానే చలికి గజగజలాడిపోతున్నాడు. షాటు అయిన వెంటనే ఇద్దరికీ వేడిపాలలో కాస్త బ్రాందీ కలిపి తాగించారు.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను, ఆ యాతన అందరికీ తెలిసిందే. బీమా పాలసీ మీద అప్పు తెచ్చాడు. పుస్తకాలు, రికార్డులు అమ్మాడు. బిజయ నగలు కుదువకి వెళ్ళాయి. డబ్బు పెడతానని వచ్చిన నిర్మాత తన సొంత సినిమాలు దెబ్బతినడంతో వెనక్కి తగ్గాడు. దాదాపు ఏడాది పని ఆగిపోయింది. ఆ ఏడాది ఆయన దినదినగండంగా గడిపింది మూడు విషయాల గురించి. అపూ గొంతు మారిపోకూడదు. దుర్గ ఎదిగిపోకూడదు. ఇందిర్ ఠాక్రున్ బతికుండాలి. మూడూ నిలిచాయి. చివరికి సుప్రభకి తెలిసినవాళ్ళ ద్వారా విషయం బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ దాకా వెళ్ళింది. ప్రభుత్వం డబ్బిచ్చింది. పథేర్ పాంచాలి అంటే దారి పాట. దారి అని ఉంది కనక రోడ్ల పద్దు కింద రాశారు. కుటుంబం ఊరు విడిచిపోవడం బాగాలేదు, ముగింపు మారిస్తే బాగుంటుందని సలహా కూడా వచ్చింది. రాయ్ మార్చలేదు.

న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం నుంచి మన్రో వీలర్ కలకత్తా వచ్చి, కొన్ని స్టిల్స్ చూసి, సినిమా పూర్తయితే మా దగ్గర వేద్దామన్నాడు. 1954లో ఇంకో పనిమీద వచ్చిన దర్శకుడు జాన్ హ్యూస్టన్ శబ్దం లేని ముక్కలు కాసేపు చూసి, బాగుందని వీలర్‌కి చెప్పాడు. ఇక మ్యూజియంలో వేసే తేదీ దగ్గరపడింది.

సంగీతం రికార్డు చేస్తున్న రాత్రి స్టూడియోలోకి రండి. రవిశంకర్‌కి ఊపిరాడని కచేరీలు, దొరికింది ఈ ఒక్క రాత్రే. సినిమాలో సగమే చూశాడు. పదకొండు గంటలపాటు ఏకబిగిన, తెల్లవారుజామున నాలుగింటి దాకా వాయించారు. హరిహర్ ఊళ్ళు తిరిగి డబ్బు సంపాదించుకుని ఇంటికొస్తాడు. కూతురు పోయిన సంగతి తెలియదు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే భార్యకి చూపిస్తూ దుర్గ కోసం తెచ్చిన చీర తీస్తాడు. సర్బజయ వేసిన కరుణా బెనర్జీ చీర పళ్ళతో కరిచిపట్టుకుని భోరుమంటుంది. షూటింగులో ఆమె నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు మనకి వినపడదు. దాని చోటులో దక్షిణామోహన్ టాగోర్ తార్ షెహనాయి మీద పట్‌దీప్ రాగం పై స్థాయిలో పలుకుతుంది. గొంతు తీసేసి వాద్యం పెట్టాలన్న ఆలోచన రాయ్‌ది. మొదటి సినిమా తీస్తున్న మనిషికి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే. అన్నట్టు, తర్వాత ఒక చోట సంగీతం చాలక సితార్ పట్టుకున్నది ఎవరనుకుంటున్నారు? కెమెరామన్ సుబ్రత మిత్ర.

చునీబాలా దేవి సినిమా విడుదల దాకా ఉండలేదు. ఆవిడ పోయేలోగా రాయ్ ప్రొజెక్టర్ పట్టించుకుని ఇంటికి వెళ్ళి ఆవిడకి చూపించాడు.

1955 మే 3న న్యూయార్క్‌లో ఆడింది. ఆగస్టు 26న కలకత్తా బసుశ్రీ థియేటర్లో. మొదటి రోజుల్లో జనం పలచగా ఉన్నారు. మూడో వారానికి టికెట్లు దొరకని పరిస్థితి. దొరకని సమయానికే సినిమా ఎత్తేయాలి, ఎందుకంటే హాలు ముందే మద్రాసు జెమినీ వారి ఇన్‌సానియత్‌కి రాసిచ్చేశారు. అది మన తెలుగు సినిమా పల్లెటూరి పిల్లకి హిందీ రూపం. ఆ సినిమా తీసిన ఎస్.ఎస్. వాసన్ పథేర్ పాంచాలి చూశాడు. ఒక ఉదయం తనంత తానే రాయ్ ఇంటికి వచ్చి, ఇంత గొప్ప సినిమా అని తెలిసి ఉంటే నా విడుదల వాయిదా వేసుకునేవాణ్ణని చెప్పి వెళ్ళాడు. పోటీ సినిమా మనిషి ఇంటికొచ్చి ఆ మాట చెప్పడం మన పరిశ్రమ చరిత్రలో గర్వంగా తలుచుకోవలసిన సంగతి. పథేర్ పాంచాలి ఇందిరా థియేటర్‌కి మారి ఇంకా ఏడు వారాలు ఆడింది. రాష్ట్రపతి బంగారు పతకం వచ్చింది. 1956లో కాన్‌లో ఉత్తమ మానవీయ పత్రంగా బహుమతి వచ్చింది.

అక్కణ్ణుంచి బహుమతులు వరుసకట్టాయి. అపూ కథకి కొనసాగింపుగా తీసిన అపరాజితోకి 1957లో వెనిస్ గోల్డెన్ లయన్. మహానగర్‌కీ చారులతకీ వరసగా 1964లో, 1965లో బెర్లిన్ దర్శకత్వ బహుమతులు. అశని సంకేత్‌కి 1973లో గోల్డెన్ బేర్. జాబితా ఇక్కడ ఆపేస్తాను. అపరాజితో కోసం కట్టిన కాశీ ఇంటి సెట్టు ఒకటి చూపించాలని ఉంది. కాశీలో ఇళ్ళ మధ్యలో నాలుగువైపులా గోడలున్న పెరడు ఉంటుంది, ఆకాశం నుంచి మాత్రమే వెలుతురు దిగుతుంది. ఎక్కడా నీడ గీతలా పడదు. స్టూడియో దీపాలతో ఆ వెలుతురు రాదు. సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లగుడ్డ కట్టి, దీపాలు దాని మీదకి కొట్టించి, తిరిగి కిందికి పడే వెలుతురుతో తీశాడు. చూసినవాళ్ళు నిజం కాశీ ఇల్లే అనుకున్నారు.

చారులత మొదటి ఏడెనిమిది నిమిషాలు ఎప్పుడైనా తీరిగ్గా చూడండి. మధ్యాహ్నం. పెద్ద ఇంట్లో ఒంటరిగా ఒక ఇల్లాలు. మాట దాదాపు లేదు. కిటికీ రెక్కలు కాస్త తెరిచి దారినపోయేవాణ్ణి చూస్తుంది. చేతి దుర్భిణి తెచ్చుకుని, ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి నడుస్తూ అదే మనిషిని వెంబడిస్తుంది. వరండాలో ఆమె పక్కనుంచే ఆమె ఉందని గమనించకుండా భర్త పుస్తకం చదువుకుంటూ వెళ్తాడు. దుర్భిణిలోంచి అతన్నీ చూస్తుంది. కాపురం ఎలా ఉందో మనకి అర్థమైపోయింది, ఎవరూ ఒక్క ముక్క చెప్పకుండానే. తన సినిమాల్లో మళ్ళీ తీయాల్సి వస్తే ఉన్నదున్నట్టుగా తీసే సినిమా ఇదేనని ఆయన అనేవాడు. అప్పటికే సంగీతం తానే కట్టుకుంటున్నాడు, చారులత నుంచి కెమెరా కన్నం దగ్గర కన్నుపెట్టేదీ తానే. పాత సందేశ్‌ని 1961లో మళ్ళీ మొదలుపెట్టి, దానికోసమే ఫెలూదా డిటెక్టివ్ కథలు రాయడం మొదలుపెట్టాడు, బొమ్మలు వేశాడు.

దేశం పేదరికాన్ని విదేశాలకి అమ్ముకుంటున్నాడన్న నింద ఆయన్ని చివరిదాకా వెంటాడింది. పార్లమెంటులో కూడా ఆ మాట వినిపించింది. ఆ మాట అన్నవాళ్ళు పథేర్ పాంచాలిలో చెరువు దగ్గరి ఒక షాటు చూసి ఉంటే బాగుండేది. అక్క చనిపోయాక, ఇల్లు సర్దుతుండగా అటక మీది చిప్పలో అపూకి పూసల దండ దొరుకుతుంది. అక్క ఎప్పుడో దొంగిలించిందని ఇరుగుపొరుగు తిట్టిన దండ, తీయలేదని అక్క చెప్పిన దండ. పిల్లాడు ఎవరికీ చూపించడు. చెరువు దగ్గరికి పరిగెత్తి విసిరేస్తాడు. నాచు విడిపోయి నీళ్ళు కనపడతాయి, మళ్ళీ నాలుగువైపుల నుంచీ నాచు కమ్ముకుంటుంది. అక్క పరువు ఆ పిల్లాడి దగ్గర భద్రంగా ఉండిపోయింది. దీన్ని పేదరికం అమ్ముకోవడం అంటే నేను ఒప్పుకోను.

బిషప్ లెఫ్రాయ్ రోడ్డులో ఆయన 1970 నుంచి ఉన్న ఇంటి గంట నొక్కితే తలుపు తీసేది చాలాసార్లు ఆయనే. పొడుగాటి కిటికీలు, పుస్తకాల దొంతర్లు, పియానో. వాలుకుర్చీలో కూర్చుని, మోకాలి మీద బోర్డు ఆనించి, ఎర్రగుడ్డ అట్ట ఉన్న కిరాణా ఖాతా పుస్తకంలో రాస్తుంటాడు. ఒక పేజీలో సంభాషణ, పక్కనే ఆ పాత్ర తలపాగా బొమ్మ, అంచున స్వరాలు. 1983లో ఘరే బాయిరే తీస్తుండగా గుండెపోటు వచ్చింది. మిగిలింది ఆయన సూచనలతో కొడుకు సందీప్ పూర్తిచేశాడు. తర్వాతి సినిమాలు దాదాపు అన్నీ గదుల్లోనే తీయాల్సి వచ్చింది, డాక్టర్లు బయటికి వెళ్ళొద్దన్నారు.

1992 మార్చి. కలకత్తాలో బెల్‌వ్యూ నర్సింగ్ హోమ్. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఆయన, చేతిలో ఆస్కార్ ప్రతిమ, ఎదురుగా వీడియో కెమెరా. ఆ నెల 30న లాస్ ఏంజెలెస్‌లో ఆడ్రీ హెప్‌బర్న్ ఆయన పేరు చదివాక ఈ రికార్డింగే వేస్తారు. గొంతు బలహీనంగా ఉంది. చిన్నప్పుడు హాలీవుడ్ నటి డియానా డర్బిన్‌కి ఉత్తరం రాస్తే జవాబు వచ్చిందని, జింజర్ రోజర్స్ నుంచి రాలేదని, డబుల్ ఇండెమ్నిటీ చూశాక దాని దర్శకుడు బిల్లీ వైల్డర్‌కి 12 పేజీల ఉత్తరం రాశానని, ఆయనా జవాబివ్వలేదని చెప్పాడు. సినిమా కళ గురించి తనకి తెలిసిందంతా అమెరికా సినిమాలే నేర్పాయన్నాడు. ఆ ఏడాదే భారతరత్న. ఏప్రిల్ 23న కన్నుమూశాడు.

ఇంకొక్క చోటికి వచ్చి వెళ్ళండి. 1993 జూలైలో లండన్‌లోని ఒక ల్యాబులో అగ్నిప్రమాదం జరిగింది. రాయ్ సినిమాల అసలు నెగటివ్‌లు అందులో చిక్కుకున్నాయి. మాడి ముడుచుకుపోయిన రీళ్ళని ఎవరూ పారేయలేదు, ఆస్కార్ అకాడమీ భాండాగారంలో దాచారు. ఇరవై ఏళ్ళు గడిచాక క్రైటీరియన్ సంస్థ వాటిని ఇటలీలో బొలోన్యాకి పంపింది. ఆ ల్యాబులో పనివాళ్ళ బల్ల పక్కన నిలబడి చూడండి. పెళుసుబారిన ఫిల్ముని ద్రావణంలో నానబెట్టి మెత్తబరుస్తున్నారు. పాత టేపు, కరిగి అంటుకున్న మైనం చేత్తో గీకి తీస్తున్నారు. తెగిపోయిన అంచుల రంధ్రాల చోట కొత్తవి అతుకుతున్నారు. ఇలా దాదాపు వెయ్యి గంటలు. పథేర్ పాంచాలిలో 40 శాతం, అపరాజితోలో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే బయటికి తీశారు. మిగతాదీ, అపూ కథలో మూడోదైన అపుర్ సంసార్ మరీ పాడైంది కనక అది అంతా, ఇతర కాపీల నుంచి తీసుకున్నారు. 2015 మేలో మూడు సినిమాలూ న్యూయార్క్‌లో మళ్ళీ తెరకెక్కాయి.

ఇప్పుడు మంచి కాపీ అంటే అదే. వీలైతే పెద్ద తెర మీద చూడండి. ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, బెంగాలీ రాదే అని వెనకాడకండి. మిఠాయివాడి వెనక ఎందుకు పరిగెడుతున్నారో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.